ముందు పైసలా, ముందు కస్టమరా? అక్కాతమ్ముళ్ల వాదన

(తమ్ముడు రైస్ మిల్లుల లెక్కలకి సాఫ్ట్‌వేర్ చేశాడు, మిర్యాలగూడలో ఆరు మిల్లుల్లో నడుస్తోంది. అక్క పదేళ్లుగా సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతోంది.)

తమ్ముడు: అక్కా, ఇంక ఆగకూడదు, ఫండింగ్ తెచ్చి ఇరవై మందిని పెట్టుకుని రెండు రాష్ట్రాల్లో ఒకేసారి దిగిపోవాలి, లేకపోతే ఇంకెవడో దిగుతాడు.

అక్క: ఆరింట్లో డబ్బు కడుతున్నది ఎంతమంది?

తమ్ముడు: ఇద్దరు. మిగతావాళ్లు సీజన్ అయ్యాక ఇస్తామన్నారు.

అక్క: అంటే నీకున్న కస్టమర్లు ఇద్దరేరా. రెడ్‌బస్ ఎలా మొదలైందో చూడు, 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ వద్దామంటే ఫణీంద్ర సామకి టికెట్ దొరకలేదు, ఆ కంపెనీ పెట్టింది ఆయనే, సరే అని ఫ్రెండ్స్‌తో కలిసి బస్సు ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తామంటే వాళ్లు పట్టించుకోలేదు. అప్పుడు దారి మార్చి మీ సీట్లు మేం అమ్మిపెడతాం అన్నారు, 2006లో అలా మొదలైంది. ఓనర్‌కి సీటు నిండాలి, అంతే. ఆ సంగతి వాళ్ల చుట్టూ తిరిగితేనే తెలిసింది.

తమ్ముడు: తిరిగారు సరే, 2007లో సీడ్‌ఫండ్ అనే ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ వాళ్లు డబ్బు పెట్టాకేగా పెద్దగా పెరిగింది? అది వదిలేసి చెప్తావేంటి.

అక్క: వదల్లేదు. ముందు సీట్లు అమ్మారు, తర్వాత డబ్బు వచ్చింది అంటున్నా. జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే బయటి పెట్టుబడే వద్దనుకుంది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో పెట్టి టెలికాం పరికరాల కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, 2001లో ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలిన డాట్‌కామ్ దెబ్బకి ఆ కస్టమర్లే దెబ్బతిన్నారు, అయినా కంపెనీ వాళ్ల చేతుల్లోనే ఉంది కాబట్టి నిదానంగా వేరే ప్రొడక్టులకి మళ్లగలిగారు. నెత్తిన ఇన్వెస్టర్ ఉంటే అంత టైమ్ ఇస్తాడా?

తమ్ముడు: అదే జోహోలోంచి బయటికొచ్చిన గిరీష్ మాతృభూతం 2010లో ఫ్రెష్‌డెస్క్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, ఇన్వెస్టర్ల డబ్బుతోనే పెంచి, తర్వాత ఫ్రెష్‌వర్క్స్‌గా పేరు మారిన ఆ కంపెనీని 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్ దాకా తీసుకెళ్లలేదా? ఇంకోటి విను, మన హైదరాబాద్ రాకెట్ల కంపెనీ స్కైరూట్. 2018లో ఇస్రో నుంచి వచ్చిన ఇద్దరు పెట్టారు, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి వాళ్ల రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. ఎగరని రాకెట్‌కి ఏ కస్టమర్ ముందే డబ్బు కట్టి నాలుగేళ్లు పోషిస్తాడక్కా?

అక్క: నిజమే, అక్కడ నా మాట నడవదు. కానీ నీది రాకెట్ కాదుగా, నెల నెలా బిల్లు వేసే సాఫ్ట్‌వేర్.

తమ్ముడు: నాకూ టైమ్ ఉందక్కా. ధాన్యం వచ్చేది ఏడాదికి రెండు సీజన్లే, వానాకాలం పంట దిగేలోపు మిల్లుల్లో ఉండకపోతే మళ్లీ యాసంగి దాకా ఖాళీ. ఒక్కణ్ణే ఎన్ని మిల్లులు తిరగను?

అక్క: ఈ పాయింట్ బాగుంది, ఇది ముందే చెప్పాల్సింది. మరి ఆ నలుగురూ డబ్బు ఎందుకు కట్టట్లేదు?

తమ్ముడు: గుమస్తాలు తేమ, తరుగు లెక్క ఇప్పటికీ నోట్‌బుక్‌లోనే రాస్తున్నారు. లారీలు వరసగా ఉన్నప్పుడు నా స్క్రీన్‌లో ఎంట్రీకి చాలా టైమ్ పడుతోందట.

అక్క: ఇరవై మందిని పెట్టుకున్నా ఆ స్క్రీన్ అలాగే ఉంటుందిరా. వెళ్లి రెండ్రోజులు కాటా దగ్గర కూర్చో.

తమ్ముడు: బుధవారం వెళ్తా. ఇన్వెస్టర్ మీటింగ్ మాత్రం క్యాన్సిల్ చెయ్యను.

అక్క: చెయ్యమనలేదు. కట్టేది ఇద్దరే అని మాత్రం వాళ్లకి చెప్పు.