పార్కు నేల రోడ్డుకంటే కిందుండాలి

హైదరాబాద్‌లో కాలనీ పార్కుకు కొత్త హంగులంటే వరస ఒకటే. లారీలకొద్దీ మట్టి పోసి ఎత్తు పెంచడం, చుట్టూ ప్రహరీ, లోపల టైల్స్ బాట, మధ్యలో పచ్చిక, గేటు పక్కన శిలాఫలకం. వానాకాలంలో పార్కు నీళ్లు రోడ్డెక్కుతాయి. ఏప్రిల్‌లో ట్యాంకర్ పార్కులోకొస్తుంది.

5 సెంటీమీటర్ల వాన పడితే ఎకరం నేల మీదికి 2 లక్షల లీటర్ల నీరు చేరినట్టు. అదే ఎకరం పచ్చికను మండుటెండల్లో కాపాడాలంటే చదరపు మీటరుకు ఐదు లీటర్ల చొప్పున రోజుకు 20 వేల లీటర్లు, అంటే నాలుగు ట్యాంకర్లు కావాలి. ఆటస్థలం మేరకు తప్ప పచ్చిక ఎందుకో నాకర్థం కాదు.

అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మకుంటను 2025లో తవ్వితే నీళ్లు పైకొచ్చాయి, ఊరంతా సంబరపడింది. పార్కుల నేల గురించి మాత్రం ఎవరూ మాటెత్తరు.

మొదట చూడాల్సింది లెవెల్. నేలను రోడ్డు అంచుకంటే 15-20 సెంటీమీటర్లు దించి, ప్రహరీ అడుగున నాలుగు మీటర్లకో తూము పెట్టాలి. తూము వెనకే రెండడుగుల లోతు తొట్టి ఉంటే ఇసుక, ప్లాస్టిక్ అక్కడే ఆగుతాయి. ఇంకుడు గుంతకు ముందు పరీక్ష తప్పదు: చిన్న గుంత తవ్వి నీళ్లు నింపాలి, ఇంకాక మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవాలి. అంగుళమైనా దిగకపోతే లోతు గుంత దండగ. వెడల్పాటి పల్లం చాలు. జూబ్లీహిల్స్‌లో చాలాచోట్ల కొద్దిగా తవ్వగానే బండే తగులుతుంది మరి. ఏదైనా రెండు రోజుల్లో ఇంకిపోవాలి. వారం పైన నిలిస్తే దోమలు పుట్టుకొస్తాయి.

ఇంకుడు గుంతలు చెడేదీ ఎక్కువగా పైపొరలోనే. గుంత మీది ఇసుక ఒండ్రుతో బిగుసుకుపోతుంది. ఏటా తొలకరికి ముందు పై 10 సెంటీమీటర్లు తీసి కొత్తది పోయాలి. మ్యాన్‌హోళ్లు పొంగే వీధిలోనైతే రోడ్డు నీళ్లు అసలు లోపలికి రానివ్వకూడదు. మురుగు భూగర్భజలాన్ని పాడుచేస్తుంది.

ఇక చెట్లు. మొదలుదాకా టైల్స్ బిగించి, కేబుల్ కందకంలో ఒకవైపు వేళ్లు నరికేస్తే ఈదురుగాలికి ఆ చెట్టు రెండోవైపు ఒరుగుతుంది. మొదలు చుట్టూ మీటరు నేల వదలాలి. హరితహారంలో ప్రభుత్వమే విరివిగా నాటి, తర్వాత వద్దన్న కోనోకార్పస్ జోలికి పోకుండా కానుగ, నేరేడు, పొగడ పెట్టుకోవచ్చు.

టైల్స్‌కు చదరపు మీటర్ల లెక్కన బిల్లొస్తుంది కాబట్టి కాంట్రాక్టరు టైల్సే వేస్తాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు, టెండరే మార్చాలి. బిల్లులో పదో వంతు ఆపి, ఒక వానాకాలం గడిచాక, పల్లం రెండు రోజుల్లో ఎండిందని ఇంజినీరు చూసి రాస్తేనే ఇవ్వాలి.