శ్రీ యువజన విభాగం గారికి

మహారాజశ్రీ యువజన విభాగం గారికి నమస్కారాలు. మీరు ఏ పార్టీ వారో నేను రాయడం లేదు. కండువా రంగు మార్చుకుని చదువుకుంటే అందరికీ సరిపోతుంది.

మొన్న సెంటర్లో మీ అధ్యక్షుల వారి పుట్టినరోజు ఫ్లెక్సీ చూశాను. నల్లకళ్లద్దాలు, చెవి దగ్గర ఫోను, వెనకాల పులి. కింద స్టాంపు సైజులో మా కుర్రాళ్ల మొహాలు. పైన 'యువకిశోరం' అని అక్షరాలు. ఆ కిశోరం గారి పెద్దమ్మాయి మా తమ్ముడితో కలిసి ఇంజినీరింగ్ చదువుతోంది. మనసుకి వయసేంటి లెండి, జుట్టుకి రంగుంది.

రాజ్యాంగం 61వ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 21కి సర్పంచ్ కావచ్చు, 25కి ఎమ్మెల్యే కావచ్చు. మీ దగ్గర మాత్రం ఏ వయసుకైనా జెండా కర్ర, పెట్రోలు కూపనే. కాలేజీ ఎన్నికలకి 2006లో లింగ్డో కమిటీ కొన్ని షరతులు పెట్టింది: పరిశోధక విద్యార్థి అయినా 28 దాటితే పోటీ చేయకూడదు, ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, అచ్చు పోస్టర్లు కూడదు. ఇవి మీకు వర్తిస్తే మీ కార్యవర్గంలో మిగిలేది మైకు సెట్టు కుర్రాడే. అసలు ఉస్మానియాలో విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. వాటిని మళ్లీ పెట్టించమని మీరు ఎప్పుడైనా గర్జించారా?

గర్జన అంటే గుర్తొచ్చింది. మీ 'యువ గర్జన'కి పొద్దున తొమ్మిదికే రమ్మన్నారు. నాయకుడు దిగేసరికి రెండైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపేశారు, ఏం చేయమంటారని మావాడొకడు లేచి అడిగాడు. మీవారు మైకు లాక్కుని, "చూశారా తమ్ముడి ఆవేశం! ఇదే మన పార్టీ బలం!" అన్నారు. ఈలలు, చప్పట్లు. సర్టిఫికెట్లు ఇప్పటికీ కాలేజీ బీరువాలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద పెద్ద చర్చే జరిగింది. సగం మంది రాజకీయాలంతే అన్నారు. మిగతా సగం ఉద్యోగం వచ్చాక చూద్దాం అన్నారు. వాళ్ల తీరు కూడా మీ తీరులాగే ఉందనుకోండి. చివరికి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి, "నాకు 21 నిండాయి, వార్డుకి నామినేషన్ వేస్తా" అంది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి మీ బీఫారంతో పని లేదు. డిపాజిట్ తలా ఇంత వేసుకుంటున్నాం.

ఫ్లెక్సీ వద్దంది, చేత్తో రాసిన పోస్టర్లు చాలంది. రాసేవాళ్లు కావాలి కదా, మీ కుర్రాళ్లలో చేతిరాత బాగున్న ముగ్గురిని తెచ్చుకున్నాం. ఆదివారం మీ ర్యాలీలో మూడు బైకులు తగ్గుతాయి, గమనించగలరు.