లెన్సు కన్నా ముందు వెలుతురు చూడండి

పక్షుల ఫొటోల గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. పెద్ద లెన్సు లేకపోతే ఆ ఫొటోలు దండగ అన్నట్టు రాశారు. నేను ఒప్పుకోను. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి నాలుగేళ్లుగా మరీ పెద్దది కాని 300 మిల్లీమీటర్ల లెన్సుతోనే వెళ్తున్నాను. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) గట్టుకి బాగా దగ్గర్లోనే ఉంటాయి. అసలు చిక్కంతా వెలుతురుతోనే. వెనక నల్లటి నీళ్లు, ముందు తెల్లటి పక్షి. కెమెరా ఆ నలుపు చూసి ఫొటో మొత్తం వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఈకల గీతలన్నీ చెరిగిపోతాయి. కెమెరాలో ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుతురు, మైనస్ 1 దాకా తగ్గించి చూడండి, రెక్క మీద ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వస్తాయి. ఎగిరేటప్పుడు పట్టాలంటే షటర్ వేగం సెకనులో 1/2000 వంతు ఉంచాలి. ఎండ నెత్తికెక్కాక మాత్రం కెమెరా సర్దేయడమే మేలు.

మీరు రాయనిది ఇంకోటుంది. గూళ్ల మీద పక్షుల్ని బెదరగొట్టకూడదు. పెద్దవి లేచిపోతే కాకులు గుడ్ల మీద పడడానికి ఎంతోసేపు పట్టదు. పోయిన జనవరిలో ఒకాయన ఎగిరే ఫొటో కోసం గట్టిగా చప్పట్లు కొట్టాడు. గుంపంతా లేచింది. ఒక గూట్లో పిల్ల మాత్రం మెడ చాచి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నేను కెమెరా దించేసి ముందు ఆయన దగ్గరికి వెళ్లాను.