లీటరుకు పదహారు గారికి ఆహ్వానం

గౌరవనీయులైన లీటరుకు 16 కిలోమీటర్ల మైలేజీ వారికి,

అనంతపురం నుంచి నమస్కారాలు. తమరి దర్శనం మాకు షోరూములో ఇచ్చిన రంగుల పుస్తకంలో ఒక్కసారే అయింది. కొండ ఎక్కుతున్న బండి బొమ్మ కింద, లావుపాటి అక్షరాల్లో వెలిగిపోతున్నారు. తమ భుజం పక్కన ఒక చిన్న నక్షత్రం కూడా ఉంది. దాని సంగతేమిటో తెలుసుకుందామని పేజీ అడుగుకు దిగితే, చీమ కూడా కళ్లద్దాలు సవరించుకుని చదవాల్సిన అక్షరాల్లో 'ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో' అని కనిపించింది. ఆ బండి కొన్న మా బావగారికి అది కనిపించలేదు. ఆయన చూపు నక్షత్రం దాకా వెళ్లలేదు, కొండ మీదే ఆగిపోయింది.

తమ పుట్టుపూర్వోత్తరాలు కాస్త విచారించాను. సంబంధం కలుపుకున్నాక విచారించడం మా ఇంట్లో ఆనవాయితీ. పరీక్షశాలలో బండిని రోలర్ల మీద నిలబెడతారట. చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. మన దేశపు పరీక్ష మొత్తం 1180 సెకన్ల పరుగు, అంటే ఇరవై నిమిషాలైనా లేదు. దూరం 11 కిలోమీటర్లు నిండదు, వేగం 90 దాటదు, ఏసీ వేయరు. ఎదురుగాలి భారాన్ని లెక్కగట్టి రోలర్లను ఆ మేరకు బిగిస్తారట, అంతవరకు న్యాయమే. మైలేజీ తేల్చడానికి గొట్టంలోంచి వచ్చే పొగను పట్టి, అందులో ఉన్న కార్బన్‌ను బట్టి ఎంత ఇంధనం తాగిందో చెబుతారట. ఈ విద్య మా బంకు కుర్రవాడికి ఇంకా అబ్బలేదు. లీటర్లు చూసి డబ్బులు అడుగుతాడు.

అంత సుకుమారంగా పెరిగిన తమరిని మా ఊరు పిలవడం సాహసమే. అయినా మే నెలలో ఒకసారి రండి. ఎండ నలభై దాటి ఉంటుంది. మధ్యాహ్నం దాకా ఆరుబయట నిలిపిన బండి తలుపు తీస్తే స్టీరింగు పట్టుకోవడానికి తువ్వాలు కావాలి. ఏసీ లేకుండా క్లాక్ టవర్ దాకా వెళ్లిన వాళ్లు లేరు. ఉగ్గాని బజ్జీ కట్టించుకునేటంతసేపూ బావగారు ఇంజను ఆపరు. నిలబడి తాగే బండికి మైలేజీ ఎంతో తమరికి నేను చెప్పనక్కర లేదు, అది తమ వంశంలో అందరికన్నా చిన్నవాడు, పేరు సున్నా.

ఇక బండి అలంకారం సంగతి. కంపెనీ ఇచ్చిన టైర్లు ఆడపిల్లల సైకిలు టైర్లలా ఉన్నాయని (ఈ పోలిక బావగారిది, మా అక్క వినలేదు కాబట్టి బతికిపోయారు) వాటిని తీసేసి, మందపాటి గుబ్బలున్న పెద్ద టైర్లు వేయించారు. పైన క్యారియర్ బిగించారు. దాని మీద ఇంతవరకు ఎక్కిన సామాను ఒక్క పెళ్లిపందిరి షామియానా. మిగతా రోజుల్లో అది గాలిని మోస్తుంది. కిటికీ పక్కగా పైకప్పు దాకా ఒక నల్లటి గొట్టం కూడా పెట్టించారు. లోతు నీళ్లలో దిగినప్పుడు ఇంజను ఊపిరి పీల్చుకోవడానికట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే జిల్లా ఇది. పెన్నలో దిగితే టైర్లకు తగిలేది చాలా నెలలు ఇసుకే. ఆ గొట్టంలో పోయిన వారం పిచ్చుక గూడు కట్టబోయింది.

రెండు టన్నులకు దగ్గరగా బరువు, నిటారు అద్దం, బీరువాలాంటి ముఖం. ఈ ముఖంతో జాతీయ రహదారి 44 ఎక్కి గంటకు 80 నుంచి 110కి తొక్కితే గాలి ఎదురు తోపు దాదాపు రెట్టింపు అవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టారంటే మా వైపు గాలికి కొరత లేదనే కదా. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లివరును బావగారు ఇంతవరకు వాడింది పిల్లలకు చూపించడానికే. ఆ లివరు కింద ఉన్న గేరుపెట్టె, షాఫ్టు, ముందు ఇరుసు మాత్రం ఉగ్గాని ప్రయాణానికి కూడా తప్పకుండా వెంట వస్తాయి.

తమరి పేరు మా ఇంట్లో ఇప్పటికే చాలా రకాలుగా వాడుకలో ఉంది. తోడల్లుడు అడిగితే బావగారు "పదహారుకు తగ్గదు" అంటారు. అక్క అడిగితే పద్నాలుగు. మెకానిక్ దగ్గర పన్నెండు, అదీ గొంతు తగ్గించి. అక్క పాల లెక్క పుస్తకం చివరి పేజీల్లో బంకు బిల్లులు అతికించి, ట్యాంకు నింపినప్పటి నుంచి మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించి పెట్టింది. తొమ్మిదిన్నర వచ్చింది. బావగారు చలించలేదు. "టైర్లు పెద్దవి, చుట్టుకు ఎక్కువ దూరం పోతాయి, మీటరు తక్కువ చూపిస్తుంది" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. టైరు చుట్టుకొలత నూటికి అయిదు పెరిగితే మీటరు దాదాపు అయిదు తగ్గించి చెబుతుంది. అది కలిపినా పదే. ఆయన దాన్ని పన్నెండు చేసుకున్నారు.

ట్యాంకు నింపే తంతు మాత్రం తమరు చూసి తీరాలి. బంకు కుర్రవాడు "సార్, జీరో చూసుకోండి" అంటాడు. నాజిల్ టక్కున ఆగగానే బావగారు దిగి వెనక బంపరు పట్టుకుని బండిని ఊపుతారు. లోపలి గాలి బుడగలు పోయి ఇంకో అర లీటరు పడుతుంది. మళ్లీ ఊపుతారు. వెనక ఆటోవాడు హారను కొడతాడు. మూత దగ్గర నురగ కనబడితేనే ఆయనకు తృప్తి.

ఈ మధ్య పొదుపు మీద మనసు మళ్లింది. మన రాష్ట్రంలో వ్యాట్ శాతం మీద లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్ల అభివృద్ధి సెస్సు కింద ఇంకో రూపాయి ఉన్నాయి. కర్ణాటకలో ధర తక్కువ. అందుకని ఉరవకొండ మీదుగా బళ్లారి వెళ్లి కొట్టించుకు వస్తామన్నారు. రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్లు. లీటరుకు పది రూపాయలు మిగిలాయనుకున్నా 50 లీటర్లకు అయిదు వందలు. దారిలో బండి తాగేది 20 లీటర్లు. అక్క వేళ్ల మీద లెక్క చెబుతుంటే ఆయన డ్యాష్‌బోర్డు తుడుచుకుంటున్నారు.

వచ్చే నెల ముందు బంపరుకు ఇనప తాడు చుట్టిన వించి పెట్టిస్తారట. ముప్పై నలభై కిలోలు ఉంటుంది. బురదలో ఇరుక్కుంటే లాగడానికి. బురద ఎక్కడిదని అడిగితే, "వెతకాలి బావా" అన్నారు. తమరు రాదలచుకుంటే ఆలోపే బయలుదేరండి. ఆ తర్వాత మా పుస్తకంలో తొమ్మిది కూడా ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
వెనక సీటులో కూర్చునే బావమరిది