కోటింగుకు కాపలా కావలెను

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక తెల్ల కారు అద్దం మీద ఈమధ్య ఓ ప్రకటన వెలిసింది. టైపు చేయించి, లామినేషన్ చేయించి, లోపలివైపు నుంచి అంటించారు. ‘‘ఈ వాహనానికి సిరామిక్ కోటింగ్ చేయించబడినది. ఎవరూ తాకరాదు. ఆనుకోరాదు. పొడిగుడ్డతో తుడవరాదు. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు.’’ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా ఇన్ని ‘రాదు’లు ఉండవు. పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ.

విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలిద్దాం. కారు రేకు తుప్పు పట్టకూడదని ప్రైమర్ వేస్తారు. ప్రైమర్ మీద రంగు. రంగు ఎండకు వెలిసిపోకుండా దాని మీద క్లియర్ కోట్. ఇదంతా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది, కారు ధరలోనే కలిసి ఉంటుంది. ఇప్పుడు ఆ క్లియర్ కోట్ పాడవకుండా దాని మీద సిరామిక్ కోటింగ్ అనే పలుచటి పూత. డబ్బు మరీ ఎక్కువైనవాళ్లు ముందు పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్మ్ తొడిగించి, ఆ ఫిల్మ్ పాడవకుండా దాని మీద సిరామిక్ వేయిస్తారు. సిరామిక్ పాడవకుండా కాగితం. కాగితం పాడవకుండా లామినేషన్. అంటే నలభై వేల రూపాయల రక్షణ కవచాన్ని కాపాడే భారం చివరికి ఇరవై రూపాయల ప్లాస్టిక్ మీద పడింది. పాపం, అది తన పని తాను చేసుకుపోతోంది. దానికి ఎవరూ వారంటీ కూడా ఇవ్వలేదు.

షోరూంలో ఈ తతంగం ఎలా మొదలవుతుందో మీకు తెలియనిది కాదు. కారు ధర తేలింది, లోను శాంక్షనైంది, ఇన్సూరెన్స్ దగ్గర కాసేపు గొంతు చించుకున్నారు, యాక్సెసరీల దగ్గర ఓడిపోయారు. సరిగ్గా ఆ నీరసం మీద ఉన్నప్పుడు ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వస్తాడు. ‘‘సార్, కోటింగ్ ఒక్కటే పెండింగ్.’’ పెండింగట! ఎవరడిగారని? వద్దంటే అతని మొహం చిన్నబోతుంది. ‘‘మీ ఇష్టం సార్. మన సిటీ దుమ్ము సంగతి మీకు తెలుసు. ఆరు నెలల తర్వాత మీరే ఫీలవుతారు.’’ పక్కన బావమరిది ఉంటే ఇక ఆ కుర్రాడు నోరు విప్పక్కర్లేదు. ‘‘ఇరవై లక్షలు పెట్టినోళ్లం, నలభై వేల దగ్గర చూసుకుంటామా బావా?’’ అనేది బావమరిదే. ఆ నలభై వేలు ఇచ్చేది మాత్రం అతను కాదు.

అప్పటికీ లొంగకపోతే బ్రహ్మాస్త్రం తీస్తారు. ‘‘నైన్ హెచ్ సార్! డైమండ్ టెన్, ఇది నైన్.’’

ఖనిజాల గట్టిదనాన్ని చెప్పే పట్టిక ఒకటుంది. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ పెద్దాయన తయారుచేశాడు. అందులో వజ్రం అంకె 10. కోటింగ్ వాళ్ల 9 ఆ పట్టికలోది కాదు. అది పెన్సిల్‌ది. అవును, రాసుకునే పెన్సిలే. హెచ్‌బీ, టూ హెచ్, ఫోర్ హెచ్ అంటూ డ్రాయింగ్ క్లాసుకు కొనిపించేవారే, ఆ వరసలో దాదాపు చిట్టచివరిది నైన్ హెచ్. పూత పూసిన పలక మీద పెన్సిల్‌ని 45 డిగ్రీల వాలులో, 750 గ్రాముల బరువు పెట్టి నెడతారు. గీత పడకపోతే పూత ఆ పెన్సిల్‌కి తట్టుకున్నట్టు లెక్క. కాబట్టి ఎవరైనా మీ బానెట్ మీద ఇంజనీరింగ్ డ్రాయింగ్ వేయబోతే మీకు సంపూర్ణ రక్షణ ఉంది. రోడ్డు మీద లారీ వెనక లేచే ఇసుకలో ఉండేది మాత్రం క్వార్ట్జ్. మోస్ పట్టికలో దాని అంకె 7. పెన్సిల్ ఎన్నో నంబరుదో అది అడగదు.

మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు) లెక్క ఇంకా రంజుగా ఉంటుంది. ఫ్యాక్టరీవాడు వేసిన క్లియర్ కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. దాని మీద వీళ్లు వేసే సిరామిక్ పొర ఒకటి రెండు మైక్రాన్లు. వేసే ముందు ‘పెయింట్ కరెక్షన్’ అని మెషిన్‌తో ఒక మర్దన ఉంటుంది, సన్నగీతలు పోవడానికి. ఆ మర్దనలో క్లియర్ కోట్ కొన్ని మైక్రాన్లు అరిగిపోతుంది. అంటే ఉన్నదాన్ని కాస్త గీకేసి, గీకినంత మందం కూడా లేనిదాన్ని పూసి, బిల్లు చేతిలో పెడతారన్నమాట. కొత్త కారుకు కరెక్షన్ ఏమిటని అడిగి చూడండి. ‘‘ట్రాన్స్‌పోర్ట్‌లో స్క్రాచెస్ పడతాయి సార్’’ అంటాడు. గంట క్రితం ‘‘ఫ్రెష్ పీస్ సార్, సీటు కవర్లు కూడా తీయలేదు’’ అన్నదీ ఇతనే.

కోటింగ్ ఉత్త మోసమని నేననను. సరిగ్గా వేస్తే మురికి అంత తొందరగా పట్టుకోదు, కడగడం సులువవుతుంది, పావురం రెట్ట వేస్తే తుడుచుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది, మెరుపు కొన్నాళ్లు నిలుస్తుంది. ఇంతవరకూ నిజమే. ఈ పాటి నిజానికి నలభై వేలు పలకవు కాబట్టి నానో, డైమండ్, లైఫ్‌టైమ్ అన్నీ కలిపారు. మొన్నటిదాకా ఇదే నోటితో టెఫ్లాన్ అన్నారు. 1938లో బయటపడ్డ ఆ పదార్థం గొప్పదనమే దేనికీ అంటుకోకపోవడం. దోసెల పెనానికి దాన్ని పట్టించాలంటే 300 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలి. కారును అంత వేడిలో పెడితే డెలివరీ చేయడానికి ఛాసిస్ ఒక్కటే మిగులుతుంది. అయినా షోరూం వెనక షెడ్డులో గుడ్డతో చల్లగా రుద్దేసి ‘టెఫ్లాన్ అయిపోయింది సార్’ అన్నారు, జనం డబ్బులిచ్చి దండం పెట్టి వచ్చారు. ఇప్పుడు సిరామిక్ కూడా పాతబడిందట, గ్రాఫీన్ వచ్చిందట. ఆ ట్యాబ్ కుర్రాడు మారలేదు, స్లైడు మారింది.

ఇక పూజ దగ్గరకు వద్దాం.

హైదరాబాద్‌లో కొత్త బండి కొన్నవాళ్లు జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికో, కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరకో తీసుకెళ్తారు. మా తెల్ల కారు ఆసామి కూడా అలాగే ఓ గుడికి బయల్దేరాడు. కొబ్బరికాయల సంచీ ఒళ్లో పెట్టుకుని నేను వెనక సీట్లో ఉన్నాను. చిక్కేమిటంటే, కోటింగ్ వేశాక ఏడు రోజులు నీటిచుక్క తగలకూడదని షాపువాడి ఆజ్ఞ. ముహూర్తమేమో నాలుగో రోజున కుదిరింది.

పంతులుగారు పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చేసరికి మావాడు రెండు చేతులూ చాపి బానెట్‌కు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

‘‘పంతులుగారూ, దీని మీద బొట్టు వద్దండి.’’

‘‘స్వస్తిక్ వేయకుండా పూజేమిటి నాయనా?’’

‘‘పసుపు మరక పడుతుందండి. అద్దం మీద వేయండి.’’

‘‘అద్దం మీద వేస్తే నీకు దారెలా కనిపిస్తుంది?’’

చర్చలు జరిగాయి. చివరికి స్వస్తిక్ ముందు నంబర్ ప్లేటు మీద అంటించిన తాత్కాలిక నంబరు కాగితం మీద వెలిసింది. దండ దగ్గర మళ్లీ ఆగింది. బంతిపూల దండలో దారం ఉంటుంది, దారం రాసుకుంటే గీతలు పడతాయి. దండను వెనక్కి తీసుకెళ్లడం అపచారమని పంతులుగారన్నారు. అటు కారుకు వేయకుండా, ఇటు తిరిగి తీసుకెళ్లకుండా ఆ దండ చివరికి మావాడి మెడలోనే పడింది. అవతల పూజకు వచ్చినవాళ్లు ఇతనెవరో కార్పొరేటర్‌గా గెలిచాడనుకుని నమస్కారాలు పెట్టారు. ఒకాయన రేషన్ కార్డు విషయం కూడా ఎత్తాడు.

పంచపాత్రలో ఉద్ధరిణె ముంచగానే మావాడు కెవ్వుమన్నాడు. ‘‘నీళ్లు చల్లకండి! ఇంకా ఆరలేదు.’’

‘‘ఎన్ని రోజులైంది?’’

‘‘నాలుగు. ఏడు రోజులు ఆగాలండి.’’

‘‘ఏడు రోజుల మైల ఉందని ముందే చెప్పొద్దూ?’’ అని ఆయన పంచపాత్ర కింద పెట్టేశారు.

హారతికి మాత్రం మావాడు అడ్డు చెప్పలేదు. పైగా గర్వంగా, ‘‘నిప్పు ఎంత దగ్గరైనా పెట్టండి. షాపువాడు బానెట్ మీద ఏదో పోసి లైటర్‌తో అంటించి చూపించాడు, మచ్చ పడలేదు’’ అన్నాడు. నిప్పుకు బెదరని ఈ కవచం పసుపుకు ఎందుకు బెదురుతోందని పంతులుగారు అడగలేదు. ఆయన అనుభవజ్ఞుడు. రోజూ ఇలాంటివాళ్లని చూస్తున్నాడు.

కొబ్బరికాయ పది అడుగుల దూరంలో కొట్టారు. టైర్ల కింద నిమ్మకాయల విషయంలో మావాడు చాలాసేపు ఆలోచించాడు. టైరుకు కోటింగ్ లేదు, నిజమే. కానీ నిమ్మరసం పులుపు, పులుపంటే యాసిడ్, యాసిడ్ చిందితే డోర్ అంచుకు తగులుతుంది. అందుకని నాలుగు నిమ్మకాయల్నీ టైర్ల పక్కన పెట్టించి, వాటికి తగలకుండా స్టీరింగ్ తిప్పుకుంటూ బయటికి తీశాడు. వాహన పూజల చరిత్రలో నిమ్మకాయలు క్షేమంగా బయటపడటం అదే మొదటిసారి అయ్యుండాలి.

అంతకు ముందే పంతులుగారు ఎర్రదారం పట్టుకుని, ‘‘రక్ష కట్టమంటావా, అదీ వద్దా?’’ అన్నారు.

‘‘దీనికి ఐదేళ్ల వారంటీ ఉందండి.’’

‘‘దేనికి వర్తిస్తుంది?’’

మావాడు డ్యాష్‌బోర్డ్‌లోంచి కార్డు తీసి చదివాడు. గీతలకు వర్తించదు. రాళ్ల దెబ్బలకు వర్తించదు. పక్షి రెట్టకు, చెట్ల జిగురుకు, బోరునీళ్ల మరకలకు వర్తించదు. యాక్సిడెంటుకు వర్తించదు. ఏటేటా డబ్బు కట్టి వాళ్ల దగ్గరే సర్వీసు చేయించుకోకపోతే దేనికీ వర్తించదు.

పంతులుగారు దారం స్టీరింగ్‌కి కడుతూ అన్నారు: ‘‘మాదీ ఇంచుమించు అంతే నాయనా. కాకపోతే మాది నూటపదహార్లే.’’

కారుకు సిరామిక్ ఎందుకు, మైనం రుద్దితే చాలదా అనే మైనం పార్టీవాళ్లు ఇక్కడ చప్పట్లు కొట్టొద్దు. మీ సంగతీ తెలుసు. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి రాలే కార్నౌబా మైనాన్ని డబ్బాలో తెప్పించుకుని, ఆదివారం పొద్దున బనియన్ మీద నిలబడి, గుండ్రంగా రుద్దుతూ, వచ్చిపోయేవాళ్లని ఆపి ‘‘డెప్త్ చూశారా?’’ అని అడిగేది మీరే. అదే మైనం పిల్లల చాక్లెట్ గోళీల మీద, మనం మింగే మాత్రల మీద కూడా మెరుపు కోసం పూస్తారని చెబితే నమ్మరు. మీ డెప్త్ నెలా నెలన్నరలో పోతుంది. మే నెలలో రామగుండంలో నల్లకారు బయట పెడితే అంతకూడా ఆగదు. మళ్లీ రుద్దుతారు. రుద్దుకోండి. మీ చెమట, మీ ఆదివారం, వెయ్యి రూపాయల లోపు డబ్బా. దాన్ని ముట్టుకోవద్దని మీరెవరికీ నోటీసు అంటించలేదు. ఈ రెంటిలో ఏదని నన్ను అడిగితే, ఆ ఒక్క కారణానికే నా ఓటు మైనానికి.

అయితే ఈ రెండు పార్టీలవాళ్లూ పైకి చెప్పని విషయం ఒకటుంది. సిరామిక్ బాగా నిలిచేది రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో గుడ్డ జాడించి, ఇంకోదాంట్లోంచి షాంపూ తీసుకుని, నీడలో కడిగి, నీళ్లు ఆరకముందే మెత్తటి మైక్రోఫైబర్‌తో ఒత్తే ఆసామి కారు మీద. అలా కడిగేవాడి కారుకు కోటింగ్ లేకపోయినా వలయాల్లాంటి ఆ సన్నగీతలు పెద్దగా పడవు. గీతలు పడేది దుమ్ము మీద పొడిగుడ్డ తోస్తే. మరకలు పడేది బోరునీళ్లు ఎండలో ఆరితే. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5000 జరిమానా అన్నప్పుడు, మనది బోరే కదా అని మా అసోసియేషన్ మీటింగులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ బోరునీటిలోని కాల్షియమే బానెట్ మీద ముత్యాల్లా నిలిచిన ప్రతి చుక్క చోటా ఒక తెల్ల సున్నా చుట్టి పోతోంది. చుక్కలు అలా ముత్యాల్లా నిలబడతాయని వీడియో తీసి చూపించే కదా కోటింగ్ అమ్మింది!

ఆ సున్నాలు, ఆ గీతలు మా తెల్ల కారు ఆసామి ఫోన్ టార్చ్ వేసి కనిపెట్టాడు. నేరం ఎవరి మీదికి పోయిందో ఊహించగలరు. షాపు మీదికి పోలేదు, వారంటీ కార్డు మీదికి పోలేదు. తెల్లారకముందే వచ్చి కార్లు తుడిచే కుర్రాడి మీదికి పోయింది. కారుకు నెలకు ఐదు వందలు ఇస్తారతనికి. ఒక బకెట్, ఒక గుడ్డ, సెల్లార్‌కంతా ఒక పంపు. ఏడు గంటలకల్లా అన్ని కార్లూ అయిపోవాలి, లేకపోతే ఆఫీసు టైమైపోతోందని పైనుంచి అరుస్తారు. రెండో బకెట్ కావాలని అడిగింది అతనే. ‘‘సార్, ఈ గుడ్డతో మీ బండికి గీతలొస్తాయి, వేరేది తెచ్చివ్వండి’’ అని చెప్పిందీ అతనే. నేను విన్నాను. నలభై వేలు పెట్టినవాడు రెండొందల రూపాయల గుడ్డలు కొనివ్వలేదు. కొనివ్వకపోగా, గీతలు పెట్టాడని ఆ నెల ఐదొందల్లోంచి నాలుగొందలు కోసుకున్నాడు!

సిగ్గుండాలి. నెలంతా రోజూ వంగి తుడిచిన మనిషికి వంద రూపాయలా చేతిలో పెట్టేది? షోరూంలో ట్యాబ్ కుర్రాడు పెండింగ్ అంటే నోరెత్తకుండా కార్డు గీకారే, అక్కడేమైంది ఈ బేరమాడే తెలివి? వారంటీ ఇచ్చినవాడి దగ్గరకు వెళ్లి ఒక్క రూపాయి వెనక్కి అడిగే ధైర్యం లేదుగానీ, ఎదురు చెప్పలేనివాడి జేబులో చెయ్యి పెట్టడానికి ఏ కోటింగూ అడ్డురాలేదు. పైగా ఆ ‘పొడిగుడ్డతో తుడవరాదు’ అనే నోటీసు అతని కోసమే అంటించారట. అతనికి చదవడం రాదని ఈ సెల్లార్‌లో అందరికీ తెలుసు.

ముందు ఆ నాలుగొందలు ఇచ్చేయండి. రెండు బకెట్లు, నాలుగు గుడ్డలు కూడా కొనివ్వండి. మైనమా, సిరామిక్కా అనేది ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.