పదిహేడేళ్ళప్పుడు వేసిన మార్కులు

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో చాలా హైస్కూల్ జిమ్‌లలో ఒకటే సీను. ఒక టేబుల్, దాని మీద నాలుగైదు టోపీలు, ఒక్కో టోపీ మీద ఒక్కో యూనివర్సిటీ గుర్తు. టేబుల్ వెనక ఒక కుర్రాడు, అటూ ఇటూ అమ్మానాన్నా, ఎదురుగా కెమెరాలు. కుర్రాడి చెయ్యి ఒక టోపీ దాకా వెళ్ళి ఆగుతుంది, కావాలనే పక్క టోపీ మీదికి జరుగుతుంది, జనం కేకలు పెడతారు. చివరికి ఒకటి తీసి నెత్తిన పెట్టుకుంటాడు. ఒక రాష్ట్రంలో పండగ, పక్క రాష్ట్రంలో ఏడుపు. ఆ కుర్రాడు కాలేజీలో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఈ హడావిడి అంతా అతని పేరు పక్కనున్న నక్షత్రాల వల్ల. 247 స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థలు హైస్కూల్ ఫుట్‌బాల్ పిల్లల ఎత్తు, బరువు, పరుగు, మ్యాచ్ వీడియోలు అన్నీ చూసి రెండు నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇస్తాయి. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.) 247 వాళ్ళు ఏటా సుమారు 32 మందికే అయిదు నక్షత్రాలు ఇస్తారు, ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండుకి ఉండేవి 32 చోట్లు. అంటే ఈ పిల్లాడు మూడు నాలుగేళ్ళలో ఆ 32 మందిలో ఒకడవుతాడని జోస్యం చెప్పడమన్నమాట. ఇక ఏ కోచ్ ఎన్ని నక్షత్రాలు పోగేశాడన్న దాన్ని బట్టి యూనివర్సిటీలకూ ర్యాంకులు పడతాయి.

ఆ ర్యాంకులు నిజంగా మ్యాచ్‌లు గెలిపిస్తాయా అన్నది పాత గొడవే. పిల్లల్ని కాలేజ్ స్టేషన్, బ్లూమింగ్టన్ లాంటి యూనివర్సిటీ ఊళ్ళలో చదివిస్తున్న మన తెలుగు ఇళ్ళలో కూడా శనివారం టీవీ ముందు ఇది నడుస్తోంది. 2026 జనవరి 19 రాత్రి తర్వాత అయితే 'చూశారా, నక్షత్రాలన్నీ ఉత్త బోగస్' అనే మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ఆ మాట తప్పని మేం అనుకుంటున్నాం. ఎందుకు తప్పో చెప్పే ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం.

ఆ రాత్రి ఫైనల్లో ఇండియానా యూనివర్సిటీ 27-21తో మయామీని ఓడించి జాతీయ చాంపియన్ అయింది. పదహారు మ్యాచ్‌లు, పదహారు గెలుపులు. ఇండియానా అంటే ఏళ్ళ తరబడి టాప్ డివిజన్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన టీమ్‌గా పేరు మోసిన టీమ్. 2023లో పన్నెండు ఆడి మూడే గెలిచింది. అక్కడ బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం, ఫుట్‌బాల్ ఏదో ఉండాలి కాబట్టి ఉండేది. ఆ టీమ్ ఈసారి ఒహాయో స్టేట్‌ని 13-10తో, ఆలబామాని 38-3తో, ఒరెగాన్‌ని 56-22తో చితక్కొట్టింది. (ఒహాయో స్టేట్ విషయంలో 'చితక్కొట్టింది' అనడం కొంచెం అతి, ఒప్పుకుంటాం.) ఈ మూడూ నక్షత్రాలు కుప్పలుగా పోసుకున్న టీమ్‌లు. ఇండియానాలో నాలుగు నక్షత్రాలవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బడ్ ఇలియట్ అనే క్రీడా రచయిత చాలా ఏళ్ళ కిందటే ఒక లెక్క తేల్చాడు. గత నాలుగు క్లాసుల్లో (ఒక్కో ఏడాది చేర్చుకున్న కొత్త కుర్రాళ్ళ బ్యాచ్‌ని క్లాస్ అంటారు) సంతకం చేసినవాళ్ళలో సగానికి పైగా నాలుగు లేదా అయిదు నక్షత్రాలవాళ్ళు ఉంటేనే టైటిల్ వస్తుందని, అంతకు తక్కువైతే ఎంత బాగా ఆడినా చివరి మెట్టు దగ్గర జారుతుందని ఆ లెక్క సారం. దీన్ని బ్లూ చిప్ రేషియో అంటారు. ఏటా ఎవరో ఒకరు దీన్ని ఎగతాళి చేసేవాళ్ళు, ఏటా అదే నెగ్గేది. 2023లో మిషిగన్ లాంటిది యాభై శాతం గీతని దాటీ దాటనట్టు దాటి గెలిచిందే తప్ప, గీతకి కింద ఉండి గెలిచిన టీమ్ ఇండియానా దాకా లేదు. ఒక్క టీమ్ ఒక్క ఏడాది గీత దాటకుండా గెలిచిందని పదేళ్ళకు పైగా నిలబడ్డ లెక్కని పారేస్తామా?

2023 జనవరి 9న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. టీసీయూ అనే టెక్సస్ టీమ్, నక్షత్రాలు తక్కువే, గుండె ధైర్యంతో ఒక్కో మ్యాచ్ చివరి నిమిషాల్లో గెలుచుకుంటూ ఫైనల్‌కి వచ్చింది. జార్జియా 65-7తో తొక్కేసింది. అరవై అయిదు! ఒక పెద్ద లారీ, ఎదురుగా ఒక ఆటో, అలా ఉండింది చూడ్డానికి. కానీ ఆ రోజు జార్జియా లారీ స్టీరింగ్ పట్టుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) స్టెట్సన్ బెనెట్ ఎవరనుకున్నారు? స్కాలర్‌షిప్ కూడా లేకుండా టీమ్‌లో చేరినవాడు, మధ్యలో మిసిసిపీలో ఒక జూనియర్ కాలేజీకి వెళ్ళి తిరిగొచ్చినవాడు, అప్పటికి పాతికేళ్ళవాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నక్షత్రాల కుర్రాళ్ళే. బెనెట్‌ని మాత్రమే చూస్తే 'నక్షత్రాలు బోగస్' అంటాం, మిగతావాళ్ళని చూస్తే 'నక్షత్రాలే సర్వం' అంటాం. ఒకే టీమ్, ఒకే రాత్రి.

'ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చూడండి, అయిదు నక్షత్రాలవాళ్ళకంటే మూడు నక్షత్రాలవాళ్ళే ఎక్కువ' అని ఇంకో వాదన. నిజమే, ఎక్కువే. కానీ ఏటా అయిదు నక్షత్రాలవాళ్ళు ముప్ఫై చిల్లర, మూడు నక్షత్రాలవాళ్ళు వేలకొద్దీ. ఒకడి దగ్గర ముప్ఫై మామిడికాయలుండి ఇరవై తీయగా ఉన్నాయి, ఇంకొకడి దగ్గర రెండువేల కాయలుండి నూరు తీయగా ఉన్నాయి అనుకోండి. మీరు ఎవరి బుట్టలో చెయ్యి పెడతారు? ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్‌కి హైస్కూల్లో ఒక్క పెద్ద యూనివర్సిటీ నుంచి పిలుపు రాలేదు, అయినా 2018 డ్రాఫ్ట్‌లో ఏడోవాడిగా వెళ్ళాడు. మంచి కథే. అలా పిలుపు రాకుండా ఇంటికి పోయిన వేలమంది గురించి ఎవరూ కథలు చెప్పరు.

ఇక నక్షత్రాలు చెప్పని సంగతి. అది మాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే దాని మీదే కోట్ల డాలర్లు కాలిపోయాయి.

టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2022లో తెచ్చిన క్లాస్ అప్పటిదాకా ఉన్న రేటింగ్‌లన్నిటిలోకీ గొప్పది, దేశంలో మొదటి ర్యాంకు. ఆ సెప్టెంబరులోనే, తామే డబ్బిచ్చి పిలిపించుకున్న అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న టీమ్ చేతిలో, లక్షమంది పట్టే సొంత స్టేడియంలో 17-14తో ఓడింది. సీజన్ ముగిసేసరికి అయిదు గెలుపులు, ఏడు ఓటములు. మరుసటి ఏడాది కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేశారు, ఒప్పందం ప్రకారం అతనికి కట్టాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైమాటే. పని చెయ్యకుండా ఉన్నందుకు! (మన దగ్గర మంత్రి పదవి పోయినవాళ్ళకి కూడా ఈ భాగ్యం లేదు.)

మరి ఆ క్లాస్ మీద వేసిన నక్షత్రాలు తప్పా? 2025 డ్రాఫ్ట్ తీసి చూడండి. పదహారో చోట వాల్టర్ నోలెన్, పదిహేడో చోట షెమార్ స్టూవర్ట్. ఇద్దరూ డిఫెన్సివ్ లైన్ కుర్రాళ్ళే, ఇద్దరూ ఆ 2022 క్లాస్‌వాళ్ళే, పక్కపక్కనే మొదటి రౌండులో. మార్కులు వేసినవాళ్ళు తప్పు చెప్పలేదు. కాకపోతే నోలెన్ అప్పటికి ఏ అండ్ ఎమ్ వదిలి ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీకి) వెళ్ళిపోయాడు. అలా ఆ క్లాస్‌లో వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది. కుర్రాళ్ళ గురించి జోస్యం నిజమైంది, టీమ్ మాత్రం తేలిపోయింది. ఇద్దరు గొప్ప గాయకుల్ని, ఇద్దరు గొప్ప మృదంగ విద్వాంసుల్ని ఒకే వేదికెక్కించి శ్రుతి చూడకుండా వదిలేస్తే కచేరీ ఏమవుతుందో అదే అయింది.

పాత రోజుల్లో కుర్రాడు ఒక కాలేజీలో చేరితే, నచ్చినా నచ్చకపోయినా నాలుగేళ్ళు అక్కడే నలిగేవాడు, మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాలి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా, వచ్చింది. 2021లో ఆ ఏడాది శిక్ష తీసేశారు, అదే ఏడాది జూలైలో ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2025లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే ఏడాదికి 2 కోట్ల డాలర్లకు పైగా నేరుగా ఆటగాళ్ళకి పంచొచ్చు. అంటే టీమ్‌ని ఇప్పుడు పదిహేడేళ్ళ పిల్లలతో కాకుండా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ మొగాళ్ళతో కట్టొచ్చు. హైస్కూల్ నక్షత్రం పాత ఆధార్ కార్డు మీది ఫొటో లాంటిదయింది, మనిషి అతనే, ముఖం మాత్రం మారిపోయింది.

ఇండియానా కోచ్ కర్ట్ సిగ్నెట్టి పట్టుకున్నది ఈ కిటుకే. నక్షత్రాల విలువ తెలియని మనిషేం కాదాయన. 2007 నుంచి 2010 దాకా ఆలబామాలో నిక్ సేబన్ అనే పేరుమోసిన కోచ్ దగ్గర రిక్రూటింగ్ వ్యవహారాలు చూసింది ఆయనే, జూలియో జోన్స్, మార్క్ ఇంగ్రమ్ లాంటివాళ్ళున్న 2008 క్లాస్ ఆ రోజుల్లో వచ్చిందే. తర్వాత చిన్న కాలేజీలు తిరిగి, జేమ్స్ మాడిసన్ నుంచి ఇండియానాకి వస్తూ అక్కడి ఆటగాళ్ళని డజను మందికి పైగా వెంట తెచ్చుకున్నాడు. హైస్కూల్లో ఎన్ని నక్షత్రాలున్నాయని అడగలేదు, కాలేజీ మ్యాచ్‌లో ఏం చేశాడని చూశాడు. ఫైనల్లో మయామీ పంట్‌ని (బంతిని దూరంగా తన్నడాన్ని) అడ్డుకుని టచ్‌డౌన్‌కి (బంతిని గీత దాటించి ఆరు పాయింట్లు కొట్టడానికి) దారి తీసిన మికైల్ కమారా అలా వచ్చినవాడే. సెమీస్‌లో మొదటి బంతికే ఒరెగాన్ పాస్ పట్టేసి టచ్‌డౌన్ దాకా పరిగెత్తిన డి'ఏంజెలో పాండ్స్ కూడా. పాండ్స్ ఎత్తు చూస్తే రేటింగ్ ఇచ్చేవాళ్ళు రెండో పేజీ కూడా తిప్పరు.

ఇక క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా. మయామీలో పెరిగాడు, హైస్కూల్లో రెండు మూడు నక్షత్రాల మధ్య ఊగిసలాడాడు, మొదట యేల్‌కి వెళ్తానన్నాడు, చివరికి కాలిఫోర్నియా యూనివర్సిటీ పిలిస్తే వెళ్ళాడు. సొంతూరి యూనివర్సిటీ మయామీ అతన్ని వద్దనుకుంది. ఇండియానాకి వచ్చిన ఏడాదే, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ. ఫైనల్ మయామీ సొంత స్టేడియంలోనే. చివరి క్వార్టర్, నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), ఫీల్డ్ గోల్ కొట్టేసి మూడు పాయింట్లు జేబులో వేసుకోవచ్చు. సిగ్నెట్టి వద్దన్నాడు. మెండోజా బంతి తీసుకుని తనే పరిగెత్తాడు, పన్నెండు గజాలు, మధ్యలో దెబ్బలు తగిలాయి, గిరగిరా తిరిగాడు, చివర్లో గాల్లోకి లేచి బంతిని గీత మీదికి చాచాడు. ఏ కెమెరా కోణంలో చూసినా ఆ శరీరం దాదాపు నేలకి సమాంతరంగా ఉంది. ఇది పదిహేడేళ్ళప్పటి ఏ వీడియోలో కనిపిస్తుంది చెప్పండి?

దీన్ని పేదవాడి గెలుపుగా చెబితే మాత్రం మేం ఒప్పుకోం. ఇండియానా బిగ్ టెన్ అనే పెద్ద కాలేజీ లీగ్‌లో ఉంది, టీవీ డబ్బు దండిగా వస్తుంది, మార్క్ క్యూబన్ లాంటి కోటీశ్వరులైన పూర్వ విద్యార్థులు చెక్కులు రాస్తున్నారు. డబ్బు, సరైన కన్ను, పోర్టల్, మూడూ కలిసొచ్చాయి. ఇకపై నక్షత్రాల కుప్పలున్న ఒహాయో స్టేట్, జార్జియా కూడా ఇదే పని చేస్తాయి, వాళ్ళ దగ్గర కుర్రాళ్ళూ ఉంటారు, కొనుక్కున్న పెద్దవాళ్ళూ ఉంటారు. బ్లూ చిప్ గీత మళ్ళీ నెగ్గినా మేం ఆశ్చర్యపోం.

మా అభ్యంతరం ఆ డిసెంబరు ర్యాంకుల ఊరేగింపు మీదే. పెద్ద యూనివర్సిటీ పిలిచిందని తెలియగానే కుర్రాడి నక్షత్రం పెరుగుతుందని, ఆ నక్షత్రం వల్ల మళ్ళీ యూనివర్సిటీ ర్యాంకు పెరుగుతుందని ఎప్పటినుంచో విమర్శ ఉంది. ఆ ర్యాంకు చూపించి కోచ్ జీతం పెంచమంటాడు, దాతలు చెక్కు రాస్తారు, పదిహేనేళ్ళ పిల్లాడు స్కూల్ బస్సులో ఫోన్ తీసి తన రేటింగ్ నంబరు 0.01 తగ్గిందేమో చూసుకుంటాడు. ఆ తర్వాత ఆ క్లాస్ ఏమైందని మళ్ళీ ఎవరూ అడగరు.

వచ్చే డిసెంబరులో మా క్రీడా పేజీలో కూడా ఆ ర్యాంకుల పట్టిక వేస్తాం, పాఠకులు అడుగుతారు కాబట్టి వేయక తప్పదు. కాకపోతే పక్కన ఇంకో గడి చేరుస్తున్నాం: మూడేళ్ళ కిందట అదే యూనివర్సిటీ టోపీ పెట్టుకున్నవాళ్ళలో ఇంకా ఆ జెర్సీలోనే ఉన్నవాళ్ళెంతమందని.