ఇంటిపేరు డాట్ ఇన్

"మా గురించి" అనే పేజీ రాయడానికి కూర్చుని ఇది నాలుగో నెల. మొదటి వాక్యం మాత్రం ఖరారైంది: "మేము నాణ్యతే ప్రాణంగా వెబ్‌సైట్లు నిర్మించే బృందం." ఇందులో మేము అంటే నేను. బృందం అన్నా నేనే. తమను తాము బహువచనంలో చెప్పుకోవడం పూర్వం రాజులకు చెల్లింది. నాకు రాజ్యం లేకపోయినా ఇన్వర్టర్ ఉంది, చక్రాల కుర్చీ ఉంది, ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్ అనే బిరుదు ఉంది. ఆ బిరుదు విన్న మా పెదనాన్న గొంతు తగ్గించి, "ఉద్యోగం పోయి ఎన్నాళ్లయిందిరా?" అని ఆర్ద్రంగా అడిగారు.

తన గురించి తాను చెప్పుకోవడం చిన్నతనమనే వారికి చరిత్ర తెలియదు. 1991లో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ సెర్న్ ప్రయోగశాలలో పెట్టిన తొలి వెబ్‌సైటు దేని గురించి? వెబ్ గురించే. ఈ లోకం పుట్టిందే స్వోత్కర్షతో అన్నమాట. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన, ఇంటర్నెట్టులో పెట్టుకున్న తన రెజ్యూమెను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవాలని చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. వాటికి పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్ అని పేరు పెట్టాడు. అవే పెరిగి పెద్దవై, వెబ్‌సైట్లు నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష అయ్యాయి. సైట్లు కట్టిపెట్టే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ నడిచేది దాని మీదే. "నన్నెవరైనా చూశారా?" అని ఒక మనిషి పడ్డ ఆరాటం మీద ఇవాళ కోట్ల సైట్లు నిలబడి ఉన్నాయి. ఆ సంప్రదాయంలోనే నేనూ లెక్క చూసుకుంటున్నాను. పోయిన నెల నా సైటుకు పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మంది నేనే. పదోది గూగుల్ పంపిన యంత్రం. పదకొండో వారెవరో తెలియదు గానీ, రెండు సెకన్లు ఉండి వెళ్లారు. వారికి మా బృందం తరఫున కృతజ్ఞతలు.

సైటు ఇంకా పూర్తి కాలేదని పెదవి విరిచేవారున్నారు. పూర్తయినదే కదా పాతబడేది! నాది ఇప్పటికి ఏడుసార్లు పునాదుల నుంచి తిరగరాశాను. మొదట వర్డ్‌ప్రెస్, తరువాత రియాక్ట్ అనే మరో సరంజామా, దాని మీద ఇంకొకటి, చివరికి జ్ఞానోదయమై, వెబ్ పేజీలన్నిటికీ మూలమైన ఉత్త హెచ్‌టీఎంఎల్. (ఆ మాట కాస్త జంకుతూనే రాస్తున్నాను. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" రూపమొకటి సందేశంలో కనబడితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ వారు పనిగట్టుకుని మరమ్మతు విడుదల చేయవలసి వచ్చింది. మన జ్ఞానాన్ని తట్టుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.) "మా పనులు" పేజీలో మాత్రం ఏడు అవతారాల్లోనూ ఒకటే మాట: త్వరలో.

పనులు లేక కాదు. మొన్ననే ఒక మిఠాయి దుకాణం యజమానికి సైటు చేసిపెట్టాను. వాస్తు ప్రకారం ఉండాలన్నారు. నవ్వబోయి, తెర వైపు చూసి ఆగిపోయాను. మెనూ బొత్తాం ఉండేది పై కుడిమూల. పటం లెక్కన అది ఈశాన్యం. "మీకెలా సాయపడగలం?" అంటూ ఎగిరెగిరిపడే చాట్ పెట్టె కింది కుడిమూల, అంటే ఆగ్నేయం. నిప్పు ఉండవలసిన చోటే ఉంది. నైరుతిలో బరువుండాలి కనుక చిరునామా, మ్యాపు, ఎవరూ చదవని నిబంధనలు కింది ఎడమకు చేర్చాను. ఇక నడుమన ఆయన నిలువెత్తు ఫోటో, మెడలో దండతో సహా. అది తీసేద్దామని పేజీ బరువు చెప్పాను, రంగుల పొందిక చెప్పాను, వినలేదు. "అయ్యా, అది బ్రహ్మస్థానం. అక్కడ బరువు పనికిరాదు" అన్నాను. ఆ సాయంత్రానికి ఫోటో పోయింది. ఇన్నేళ్ల అనుభవంలో ఏ డిజైన్ సూత్రమూ నాకు ఇంత అక్కరకు రాలేదు. సగం సొమ్ము ముహూర్తం చూసి ఇచ్చారు. మిగతా సగానికి ఇంకా మంచి రోజు రాలేదు.

ఏడాది రాబడి 20 లక్షలు దాటని సేవాదారులకు జీఎస్టీ నమోదు అక్కర్లేదట. చట్టాన్ని నేను ఇంత సునాయాసంగా పాటించిన సందర్భం మరొకటి లేదు.

తాతలిచ్చిన ఇంటిపేరుకు శిస్తు లేదు. ఇంటర్నెట్టులో మాత్రం ఏటా కట్టాలి. నేను మా ఇంటిపేరుకే చివర డాట్ ఇన్ తగిలించి కొనుక్కున్నాను. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు. లోపలి గబ్బిలాల సంగతి అటుంచితే, పోయిన మంగళవారం ఇంటిపేరే ఊడిపోయింది. ఆ కబురు మిఠాయి యజమానే ఫోను చేసి చెప్పారు. మిగతా సొమ్ము పంపబోతూ, మా సంస్థ ఉందో లేదో ఒకసారి చూద్దామని సైటు తెరిచారట.

గడువు ముగుస్తోందని, ఆ పేరు నాకు అమ్మిన రిజిస్ట్రారు ముందే మూడు ఈమెయిళ్లు పంపాడు. మూడూ మా సమాచార విభాగం చిరునామాకే వెళ్లాయి. బృందంలో ఆ విభాగం చూస్తున్నది ఎవరో తేల్చేందుకు విచారణ జరుపుతున్నాము. ఇంతవరకు ఎవరూ తప్పు ఒప్పుకోలేదు.